మైకు పిన్నుకు ప్రార్థన నూనె

ఆ రోజు గుడివాడ పాసింజరులో మా చర్చి మైకు ఒళ్లో పెట్టుకుని విసుగ్గా కూర్చున్నాను. విజయవాడలో ఎన్నిసార్లు బాగుచేయించినా వాక్యం చెప్పడం మొదలవగానే గరగరమనేది. మర్నాడు గుడ్ ఫ్రైడే. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు అందరికీ వినబడాలి.

మైకు వైరు జారి, దాని చివరి పిన్ను ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చీర మీద పడింది.

"పిన్ను ఇంత జిడ్డుగా ఉందేంటయ్యా?"

"ప్రార్థన నూనె అండి, పోయినసారిది. బాగుచేయించిన ప్రతిసారీ మా సంఘపెద్ద గారు రాస్తారు."

"అయ్యో రాత! మా ఆయనా రేడియోకి ఇలాగే నూనె రాసి దుమ్ము పట్టించాడు. నూనె నుదుటికి గానీ పిన్నుకెందుకయ్యా?"

నాకు ఒళ్లు మండింది. అభిషేకం గురించి వచనాలు వల్లించాను. ఆవిడ వింటూనే పిన్నును కొంగుతో గట్టిగా తుడిచి, నా చేతిలో పెట్టి, ఉప్పలూరులో దిగిపోయింది.

మర్నాడు పెద్దగారు నూనె సీసా మూత తీశారు. నేను మైకుకు అడ్డంగా వెళ్లి తల వంచి నా నుదురు చూపించాను.