డాక్టరు కుర్చీలో మా నాయన

మా నాయన డాక్టరు కుర్చీలో కూర్చున్న రోజు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఊళ్లో రెండు పార్టీలు, మా ఇల్లు ఒక పార్టీ. కొట్లాటలు జోరుగా ఉన్న ఏళ్లలో ఆయన బాంబు మోత విని కూడా అటు తిరిగి గురక పెట్టేవాడు. తీరా పెద్దమనుషులు రాజీ చేసి, రెండు పార్టీల వాళ్లూ ఒకే పెళ్లిపందిట్లో భోంచేయడం మొదలుపెట్టాక మంచం పట్టాడు. తిండి లేదు, నిద్ర లేదు. చీనీ తోటలో బత్తాయి చెట్లు ఎండుతున్నా లేచి చూడలేదు. ఒకరోజు, "ఇంగ నేనుండి ఏం జేయాల పాపా?" అన్నాడు.

నేను ప్రొద్దుటూరులో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేదాన్ని. మా అవ్వ, అంటే నాయన తల్లి, కూడా ఇట్లాగే మంచం పట్టి పోయింది. అందుకే ఇది మా రక్తంలోనే ఉంది, మారదు అని లోపల అనుకునేదాన్ని. జీతం తీసుకుని పాఠాలు చెప్పే మనిషి అనుకోవలసిన మాటేనా అది!

మనసు డాక్టరు దగ్గరికి పోదామంటే ఒప్పుకోడు. "నరాల మాత్రలు మింగుతాండాడని తెలిస్తే అవతల పార్టోళ్లు నగరా?" అంటాడు. పులివెందులలో చుట్టాలు చూస్తారు, జమ్మలమడుగులో పార్టీ వాళ్లు చూస్తారు. చివరికి తలనొప్పి నాకేనని, తను నాకు తోడు మాత్రమేనని మాట అనుకుని ప్రొద్దుటూరు వచ్చాడు.

అక్కడ రోగి కుర్చీ తలుపుకు వీపు పెట్టి ఉంది. మా నాయన అట్లా కూర్చున్న మనిషి కాదు. హోటల్లో దోసె తిన్నా గోడకు ఆనుకునే. మంగలి షాపులో అద్దంలో తలుపు కనబడితేనే గడ్డం అప్పగించేవాడు. మా ఊరి మగవాళ్లందరికీ అదే అలవాటు.

"నేనీడ కూసోను" అని నిలబడిపోయాడు.

డాక్టరు చిన్న వయసువాడు. ఏమీ అడగకుండా లేచి, "అయితే ఇట్లా రాండి పెద్దాయనా" అని తన కుర్చీ ఇచ్చి, తను రోగి కుర్చీలో కూర్చున్నాడు. అంతలో వేంపల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తన వంతు వచ్చిందనుకుని లోపలికి వచ్చేసింది. బల్ల వెనక తెల్లపంచె, కళ్లద్దాలు చూసి మా నాయనకే దండం పెట్టింది.

"సార్, రెండేండ్లాయ కన్ను మూతబడక. ఎవురో తలుపు కొడతాండట్టే ఉంటాది."

నేను నోరు తెరవబోయాను. డాక్టరు వద్దని చెయ్యి ఊపాడు. మా నాయన కళ్లద్దాలు సర్దుకుని ఆమె వైపు వంగాడు.

"నాకూ అంతేమ్మా" అన్నాడు. "రాజీ అయినకాడి నుంచి అంతే. బువ్వ గూడ పోదు."

"మరి మీరేం మాత్ర ఏసుకుంటారు సార్?"

ఆయన డాక్టరు వైపు తిరిగాడు. "ఇంగా ఏసుకోలేదు. ఇప్పుడు రాయించుకుంటాండా."

నేను రక్తం మాట ఎత్తితే డాక్టరు నాకు మెత్తగా చీవాట్లు పెట్టాడు. తిరుగు బస్సులో డాక్టరు చెప్పిందే మా నాయనకు చెప్పాను. జన్యువులు పుట్టుకతో వచ్చినవే అయినా మెదడు అన్నిటినీ ఒకేసారి వాడదు. బీరువా నిండా చీరలున్నా పైకి తీసి కట్టేవి కొన్నే. ఏళ్ల తరబడి భయంలో బతికితే, ఒత్తిడి హార్మోనును 'ఇక చాలు' అని ఆపడానికి పనికొచ్చే జన్యువులు కొన్ని మడతల అడుగున పడిపోవచ్చు. మందు, నిద్ర, మనుషులతో మాట ఆ మడతల్ని మెల్లగా విప్పవచ్చు. అందరికీ ఒకేలా కాదు, కానీ మారుతుంది.

"చీరల సంగతి నాకేంది గానీ," అన్నాడు. "రాజీ అయినట్టు మిద్దె మీద కాపలా ఉండేటోనికి ఎవురూ చెప్పల్యా. వాడింగా దిగల్యా. అంతేనా?"

అంతే. అన్నేళ్ల పాఠాల్లో అంత త్వరగా పట్టుకున్న విద్యార్థి నాకు దొరకలేదు.

మందు పని చేయడానికి వారాలు పట్టింది. మొదట నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి. ఒకరోజు కారం తక్కువైందని అమ్మను తిట్టాడు. ఇద్దరం వంటింట్లోకి పోయి సంతోషంతో ఏడ్చాం. చీనీ తోటకు మళ్లీ నీళ్లు పారాయి.

ఆరో నెలలో వెళ్లినప్పుడు డాక్టరు అలవాటుగా లేవబోయాడు. "కూసోండి సార్, మీ కుర్చీ మీకే" అని మా నాయన రోగి కుర్చీలో, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. తలుపు రెండుసార్లు చప్పుడైంది. వెనక్కి చూడలేదు.

కాసేపటికి మాటలు ఆపి నన్నే చూస్తూ మెల్లగా అడిగాడు.

"నువ్వేంది పాపా, వచ్చినకాడి నుంచి తలుపు దిక్కే చూస్తాండావు?"

నా కుర్చీ గోడకు ఆనించి ఉంది. అక్కడికి జరుపుకున్నది నేనే.