రేవులో హలో

ఆ రోజుల్లో నాకు మాటల పుట్టుపూర్వోత్తరాల పిచ్చి ఉండేది. మనుషులనైతే ఊరూ పేరూ అడగడానికి మొహమాటపడేవాణ్ణి గానీ, మాటల్ని మాత్రం ఏడు తరాల దాకా నిలదీసేవాణ్ణి. అదెంత తెలివితక్కువ పనో చెప్పడానికి ఒక్క ‘హలో’ చాలు. మనం ఫోనెత్తి అనే ఈ మాట ఫోను కంటే చాలా పాతది. వేటగాళ్ళు కుక్కల్ని ఉసిగొల్పే కేకల్లో దీని చుట్టాలున్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, పాత జర్మను భాషలో అవతలి ఒడ్డున ఉన్న పడవవాణ్ణి పిలిచే కేక దగ్గర తేలుతుందని నిఘంటువులో చదివాను. (ఫోను కనిపెట్టినాయన ‘అహోయ్’ అనమన్నాడట. అదీ ఓడవాళ్ళ కేకే. ఏ దారిన వెళ్ళినా నీళ్ళలోనే పడతాం.)

ఎమ్మే ఇంగ్లీషు చేసి, గుడివాడలో రెండేళ్ళు ఖాళీగా తిరిగాక, దివిసీమలో ఒక లంక ఊరి ప్రైవేటు బళ్ళో ఉద్యోగం దొరికింది. కరస్పాండెంటు గారు ఫోన్లో ఒకటే మాట అన్నారు: “ప్రార్థన గంటకి ఉండాలండీ. లేకపోతే మోపిదేవిలో ఇంకొకాయన రెడీగా ఉన్నారు.” మా అమ్మ అప్పటికే వీధంతా చెప్పేసింది. మొదటి బస్సెక్కి రేవుకి చేరేసరికి తెల్లారింది గానీ, కృష్ణ పాయ మాత్రం కనబడలేదు. అంతా మంచే. పడవ అవతలి ఒడ్డున ఉంది. సెల్లుకి సిగ్నల్ లేదు. నది, పడవ, మూలార్థం మూడూ ఒకచోట కలిసే అవకాశం మళ్ళీ వస్తుందా? గుండెల నిండా గాలి పీల్చి “హలో...” అని అరిచాను.

“...లో” అని తిరిగొచ్చింది. ప్రతిధ్వని అనుకుని మళ్ళీ అరిచాను. ఈసారి పూర్తిగా, కాస్త దగ్గరగా “హలో” అని వినిపించింది. పడవ నడిపే సరంగు పలికాడని సంబరపడి గడ చప్పుడు కోసం చెవులు రిక్కించాను. నీళ్ళు కూడా కదలడం లేదు. అప్పుడు, నేను నోరు మూసుకుని ఉండగా, మంచులోంచి ఇంకోసారి వచ్చింది. మెల్లగా, తెలియని ఇంటి తలుపు తట్టినట్టు. “హలో?”

“ఎవర్ని పిలుస్తున్నావు నాయనా?”

ఎగిరిపడ్డాను. ఈ గొంతు మాత్రం వెనకనుంచి. నెత్తిన పెరుగు కుండతో ఒక మామ్మ.

“సరంగునండీ.”

“అట్టా ఊరూ పేరూ లేకుండా పిలుస్తారా ఎవరైనా? ఈ రేవులో మునిగిపోయినోళ్ళు పిలిచేది అట్టాగే. ఎవరి తాలూకో చెబితేనే పడవ తీస్తాడు. అవతల మీవాళ్ళెవరు?”

“ఎవరూ లేరండీ.”

మామ్మ నా పాదాల వంక చూసింది. (అవి ముందుకే తిరిగి ఉన్నాయో లేదో నేనూ చూసుకున్నాను.) తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టి ఒక్క కేక పెట్టింది. “ఒరే సరంగూ! పెరుగు మామ్మనిరా! నా అల్లుడొచ్చాడు, పడవ తే!”

వెంటనే గడ చప్పుడు వినిపించింది.

“ఇందాకట్నుంచీ వినపడతానే ఉంది మామ్మా. చెవుల్లో వేళ్ళు పెట్టుకు కూర్చున్నా” అన్నాడు సరంగు, మమ్మల్ని ఎక్కించుకుంటూ.

“మరి జవాబు చెప్పింది నువ్వు కాదా?” అన్నాను.

“నేను నోరిప్పితే ఒట్టండీ” అని, వెనక్కి తిరిగి చూడకుండా గడ వేశాడు. నేనూ చూడలేదు.

బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి వెళ్తున్నారు. కరస్పాండెంటు గారు గదిలో ఫోను పట్టుకుని మోపిదేవి ఆయన నంబరు నొక్కుతున్నారు. నా పెట్టె మోసుకొచ్చిన సరంగు గుమ్మంలోంచే, “మన పెరుగు మామ్మ అల్లుడండీ” అన్నాడు. ఆయన ఫోను పెట్టేశారు. “ఆ మాట ముందే చెప్పొద్దా మాస్టారూ!” అలా మూడేళ్ళు అక్కడ అల్లుడు మాస్టారుగా బతికాను. (మామ్మకి కూతుళ్ళే లేరని రెండో నెలలో తెలిసింది. ఊళ్ళో అందరికీ మొదటినుంచీ తెలుసట.)

ఉద్యోగం మానేసి వచ్చిన రోజు కూడా మంచే. నన్ను ఇవతలి రేవులో దింపి సరంగు వెళ్ళిపోయాక, వెనకనుంచి ఎవరో “హలో” అన్నారు. అచ్చం మూడేళ్ళ కిందటి నా గొంతే. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి బస్సు వైపు నడిచాను. మళ్ళీ పిలిచింది. నడుస్తూనే ఉన్నాను. ఆ పొద్దున సరంగులా పలికి నన్ను అంతసేపు రేవులో నిలబెట్టినదాన్ని, జవాబివ్వకుండా నేనూ నిలబెట్టాను, చెల్లుకు చెల్లు. ఆ గెలుపుకి ఇప్పటికీ నవ్వొస్తుంది గానీ, వెంటనే జాలి కూడా వేస్తుంది. పాపం, అవతలి ఒడ్డున దానికీ ఎవరూ లేరేమో.