గంట వాలు దగ్గర వద్దన్న మాట

మంచు తుఫాను వెలిసిన మర్నాడు లోన్ క్రీక్ ఊళ్ళో నిజం చెప్పేవాడు దొరకడు. ప్లంబరుకి నడుం పట్టేస్తుంది, బ్యాంకు గుమాస్తాకి జ్వరం తగులుతుంది, పంతులుగారికి ఉన్నట్టుండి పంటినొప్పి. మంచుమీద జారడానికి కాళ్ళకి కట్టుకునే స్కీలు మాత్రం ఎవరింట్లోనూ ఉండవు. మార్లిస్ హాగ్ ఒక్కతే ఉన్నమాట చెప్పి వెళ్తుంది. బడి వంటింట్లో గరిటె పక్కవాళ్ళ చేతిలో పెట్టి, "మంచు చూడ్డానికి పోతున్నా. సూపు మాడ్చకండి" అంటుంది.

మంచు చూడడం ఆవిడకి జీతంలేని రెండో ఉద్యోగం. తుఫాను వెలిసినప్పుడల్లా కొండెక్కి, నేల తగిలేదాకా గొయ్యి తవ్వి, పొరలు చూసి, చూసిందీ విన్నదీ కొండల కార్యాలయానికి ఫోన్ చేసి చెబుతుంది. వాళ్ళు దాన్ని పొద్దున్నే ప్రకటిస్తారు. ఏ వాలు మీద మంచు చరియ విరిగిపడేలా ఉందో అది చదివే ఊరు కదుల్తుంది. మార్లిస్ మొగుడు చలి పడదని అరిజోనా వెళ్ళిపోయాడు. ఎండ పడదని ఈవిడ ఇక్కడే ఉండిపోయింది. ఇద్దరూ సుఖంగానే ఉన్నారు.

కొండమీద ఆవిడకి తోడు ఓరిన్ స్ట్రౌడ్. స్కీలు బాగుచేసే కొట్టు అతనిది. ఆ ఏడు అతని మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. వసంతంలో ఆపరేషన్, ఆ తర్వాత నిటారు వాలుల మొహం చూడొద్దని డాక్టరు ఖాయంగా చెప్పేశాడు. ఓరిన్‌కి మిగిలింది ఒకటే కోరిక. ఊరి వెనక గంట బోర్లించినట్టుండే 'గంట వాలు' మీద, కొత్త మంచులో, ఆఖరిసారి ఒక్కసారి జారాలి. దానికోసం చలికాలమంతా ఒక మంచి తుఫాను కోసమే కాచుకుని కూర్చున్నాడు.

మార్చిలో అది వచ్చి వెలిసిన పొద్దున, ఎముకలు కీచుమంటున్నా దారి తనే తొక్కుతానని ముందు నడిచాడు. ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించిన పట్టీ ఊడిపోతే సరిచేసుకుంటూ మార్లిస్ వెనకబడింది. ఆవిడ వాలు అంచుకి చేరేసరికి ఓరిన్ చెట్ల పక్కన గొయ్యి సగం తవ్వేశాడు.

అడుగున నవంబరులో పడ్డ పాత మంచు పంచదారలా పొడిపొడిగా ఉంది. దానిమీద తుఫాను మంచు బండలా కూర్చుంది. ఎన్ని దెబ్బలకి పై పొర జారుతుందో చూడ్డానికి మార్లిస్ రంపంతో గొయ్యి గోడలో ఒక మంచు స్తంభం కోసి, దానిమీద పార బోర్లించి తట్టింది. మణికట్టుతో పది, మోచేతితో పది, భుజం బలంకొద్దీ పది. స్తంభం కదల్లేదు.

"చూశావా, మా అత్తగారిలా నిలబడింది" అన్నాడు ఓరిన్, జారడానికి సిద్ధమై అప్పుడే పట్టీలు పీకేస్తూ.

మార్లిస్ పైకి చూసింది. శిఖరం మీంచి గాలి ఇంకా మంచుని ఎత్తి వాలు నడుమన పోస్తూనే ఉంది. గొయ్యేమో చెట్ల చాటున తవ్వారు. నడుమన ఏముందో తెలియాలంటే నడుమన నిలబడాలి. నిలబడి తెలుసుకున్నవాళ్ళు కిందికి వచ్చి చెప్పడం తక్కువ.

"వచ్చేటప్పుడు చప్పుడేమన్నా విన్నావా?"

అడుగుపొర కూలితే కాళ్ళకింద ఎవరో తలుపు వేసినట్టు ధబ్‌మంటుంది. అది వింటే ఇంక మాటల్లేవు, ఇంటిదారే.

"నా మోకాళ్ళ చప్పుడే సరిపోయింది" అన్నాడు.

ఆవిడ రంపం సంచిలో పెట్టేసి, "వద్దు" అంది.

ఆ ఊళ్ళో కొండమీద ఒక్కరు వద్దంటే అందరూ వెనక్కి తిరగాల్సిందే. కారణం అడగడం మర్యాద కాదు. ఓరిన్ అడిగాడు.

"ముప్పై దెబ్బలు తిన్నది ఆ స్తంభం, మార్లిస్. ఇంకేం చెయ్యాలది, చేతిలో చెయ్యేసి ఒట్టెయ్యాలా?"

"వద్దన్నాను."

"ఎందుకని?"

"తెలీదు. వెనక్కి పోదాం."

పోయారు. చెట్ల మధ్యనుంచి దిగడం అతని మోకాళ్ళకి ఎక్కడం కంటే నరకం. ఆ సాయంత్రం మార్లిస్ కార్యాలయానికి ఉన్నదున్నట్టు ఫోన్‌లో చెప్పింది: గాలి మంచు పోస్తోంది, జాగ్రత్త. పాత పొర బలహీనం. కూలిన చప్పుళ్ళు లేవు.

రెండ్రోజులకి బేకరీ పిల్ల టాన్సీ దాల్చినచెక్క రొట్టెల పొట్లం తెచ్చి ఇచ్చింది. "గంట వాలు మీద జారుడు అదిరిపోయింది మార్లిస్ గారూ. చప్పుళ్ళు లేవన్నారుగా, ఆ ధైర్యంతోనే వెళ్ళాం." ఆ తర్వాత ఊరంతా వెళ్ళి జారొచ్చింది, మోకాళ్ళు వాచి ఇంట్లో పడ్డ ఓరిన్ తప్ప. నెల తిరిగినా ఆ వాలు పిడికెడు మంచు రాల్చలేదు. కూరల కొట్లో వేళాకోళాలు మొదలయ్యాయి. మార్లిస్ తన ఫ్రిజ్ తలుపు తీసే ముందు కూడా గొయ్యి తవ్వుతుందట. ఆవిడ నవ్వి ఊరుకునేది గానీ లోపల పుండైపోయింది. కూలితే శవాలే సాక్ష్యం చెబుతాయి. కూలకపోతే వద్దన్నవాళ్ళది పిరికితనమో తెలివో ఎవరు చెప్పాలి? ఒక మనిషి ఆఖరి కోరికని తన నోటితో తుంచేసింది, అంతే.

మే నెలలో, ఆపరేషన్ అయిన ఓరిన్‌కి పచ్చిమిరపకాయల పంది పులుసు పట్టుకెళ్ళింది. గిన్నె అతని ముందు పెట్టి, నిలబడే అనేసింది: "ఆ రోజు నిన్ను ఆపకుండా ఉండాల్సింది. క్షమించు."

ఓరిన్ నోట్లో నువ్వుగింజ నానదని ఊళ్ళో ప్రతీతి. అలాంటివాడు తినకుండా చెంచా పక్కన పెట్టాడు.

"ధబ్‌మంది మార్లిస్."

"ఏంటి?"

"నువ్వు పట్టీతో కుస్తీ పడుతున్నప్పుడు. నా కాళ్ళకిందే. చెట్ల కొమ్మల మీద మంచు కూడా రాలింది."

"నేనడిగాను నిన్ను."

"అడిగావు. చెబితే తిప్పేస్తావని చెప్పలేదు. ఆఖరిసారి కదా."

ముందు ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. తన మాట తప్పు కాదు. ఈ రెండు నెలల బరువూ దిగి కళ్ళు తడిశాయి. అంతలోనే మొహం మారిపోయింది.

"నాకు చెప్పకపోతే పోనీలే. నేను ఊరికి చెప్పాను, చప్పుడు లేదని. ఆ పిల్ల నా మాట చదువుకుని వెళ్ళింది."

"ఎవరికీ ఏం కా..." అని ఆగిపోయాడు ఓరిన్. చరియల కింద పోయి, అతను తన చేతుల్తో మంచు తవ్వి తీసిన స్నేహితులున్నారు.

"ఆ ఫోన్ ఇటివ్వు" అన్నాడు.

"ఇప్పుడు కార్యాలయానికి చెప్పి ఏం లాభం? ఆ మంచంతా ఏట్లో కలిసిపోయింది."

"కార్యాలయానికి కాదు. టాన్సీకి."

ఫోన్ అందించి మార్లిస్ కోటు తొడుక్కుంది. అతని మొహం చూడాలని లేదు.

"అమ్మాయ్, నేను ఓరిన్ని" అన్నాడతను. "రొట్టెలు పక్కన పెట్టి కూర్చో. మార్చిలో నువ్వు చచ్చిపోవాల్సింది, నా మూలంగా. అది చెప్పాలి నీకు."

మార్లిస్ కోటు విప్పకుండానే వచ్చి, చెప్పడం అయ్యేదాకా పక్కన కూర్చుంది.