సిరిల్ మత్యాష్ ఏడు లెక్కపెట్టేవాడు

సిరిల్ మత్యాష్ పోయిన మర్నాడు మా ఊరి పత్రిక అతనివి గద్ద కళ్లని రాసింది. నలభై గజాల అవతల ఉన్న ఆటగాణ్ణి పసిగట్టి, బంతి వాడి చేతుల్లో పడేలా విసిరేవాడట. రాసినతనికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. సిరిల్ ఆడే రోజుల్లో వాళ్ల నాన్న ఇంకా ముక్కు చీదించుకునే వయసువాడు. నా చదువు మూడో తరగతితో ఆగింది. అయినా ఈ సంగతి నేనే రాయాలి. సిరిల్ తొమ్మిదేళ్లు కూడు తిన్నది నా బల్ల దగ్గర, పత్రికాఫీసులో కాదు.

అవి గద్ద కళ్లు కావు. వీధికి అవతల నిలబడ్డ మనిషిని పోల్చుకోలేని కళ్లు.

మా ఆయన్ని గని మింగేశాక, ఆరుగురు బొగ్గు కార్మికుల్ని ఇంట్లో పెట్టుకుని వండి పెట్టాను. వాళ్లకి నేను గజ్దినాని, మా పాత దేశపు మాటలో ఇంటి యజమానురాల్ని. ఇల్లూ, పొయ్యీ, తిట్టే హక్కూ మూడూ నావే అన్నమాట. యుద్ధం ముగిసిన ఏడాది సిరిల్ వచ్చి చేరాడు. ఇరవై నాలుగేళ్లవాడు, పన్నెండో ఏట గనిలో దిగినవాడు. ఆదివారం పూజ అయ్యాక, చేతులతో ఆడే అమెరికా ఫుట్‌బాల్‌లో మా గని జట్టుకి అతనే క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపించేవాడు. ఇప్పుడు టీవీలో ఆడేవాళ్లకి ఏం ఆడాలో బయటి నుంచి ఎవరో చెప్పి పంపుతున్నారు. అప్పుడలా కాదు. జట్టంతా గుండ్రంగా చేరి తలలు వంచితే, మధ్యలో సిరిల్ గొణిగిందే ఆట. బంతి ముందు అతని చేతికే వచ్చేది. పక్కవాడికి అందించాలా, తనే పరిగెత్తాలా, దూరంగా విసరాలా అన్నది అవతలివాళ్లు వచ్చి మీద పడేలోపే తేలిపోవాలి. అతనికి తేలేది. జనం వెర్రెత్తిపోయేవారు.

నాకు అసలు సంగతి తెలిసింది మాత్రం ఒక సోమవారం. బట్టలుతికి మా ఆయన నల్ల కోటు తీగ మీద ఆరేశాను. సిరిల్ పని దిగి వస్తూ కంచె దగ్గర ఆగాడు. టోపీ తీసి, తల వంచి, “యేసుక్రీస్తుకు స్తోత్రం, ఫాదర్!” అన్నాడు.

కోటు పలకలేదు. ఫాదర్‌కి వినపడలేదనుకున్నాడేమో, ఇంకాస్త గట్టిగా అన్నాడు.

“ఆయన పలకడు నాయనా, నిలువెల్లా తడిసున్నాడు,” అన్నాను.

సిరిల్ దగ్గరికొచ్చి కోటు పట్టుకు చూశాడు. బొగ్గు మసి కింద కూడా మొహం పాలిపోయింది.

“దూరంగా చూస్తే అన్నీ వణుకుతాయి గజ్దినా. మూడేళ్లనుంచీ ఇంతే. ఎవరికీ చెప్పకండి. ప్రోథరో చెవిన పడితే బంతి లాగేసుకుంటాడు.”

ప్రోథరో గనిలో మేస్త్రీ, ఆదివారాలు జట్టుకి కోచ్. వేల్స్ మనిషి, నవ్వితే సుంకం కట్టాలేమో అన్నట్టుండేవాడు. మేనల్లుడు గ్లిన్‌ని క్వార్టర్‌బ్యాక్ చెయ్యమని వాళ్లావిడ రోజూ చెవిలో పోరుతోందని ఊరందరికీ తెలుసు.

“లాక్కుంటే లాక్కోనీ. బంతేగా?” అన్నాను.

“ఆరు రోజులు గనిలో నేనొక ఇత్తడి బిళ్ల మీది నంబర్ని గజ్దినా. ఆ ఒక్క రోజే నన్ను పేరుపెట్టి పిలుస్తారు.”

కోటు మడత సరిచేస్తూ అడిగాను.

“మరి బెనోకి బంతి ఎలా వేస్తున్నావు?”

“లెక్కపెట్టి.”

బెనో టర్చిన్ కూడా నా ఇంట్లోనే తినేవాడు. సన్నగా ఉండి, జింకలా ఉరికేవాడు. సిరిల్ విసిరితే పట్టేది అతనే. గనిలో దీపం ఆరిపోతే మా మగవాళ్లు గోడ తడుముకుంటూ, పైకప్పుకి పెట్టిన గుంజల్ని లెక్కపెట్టుకుంటూ బయటపడతారు. సిరిల్ ఆ లెక్కనే పైకి, మైదానంలోకి తెచ్చాడు. బెనో పరిగెత్తి ఏడో లెక్కకి వెనక్కి తిరగాలి. ఆరో లెక్కకే బంతి సిరిల్ చేతి నుంచి వెళ్లిపోయి ఉంటుంది. మనిషి ఎక్కడున్నాడని కాదు, ఎక్కడుంటాడని విసరడం. ఇద్దరూ నా పెరట్లోనే సాధన చేసేవారు. నేను చీపురు పట్టుకుని వెళితే సిరిల్ కళ్లు గట్టిగా మూసుకుని, “చూడండి” అని విసిరాడు. బంతి వెళ్లి బెనో గుండెకి తగిలింది. మళ్లీ విసిరాడు. అది నా క్యాబేజీకి తగిలింది. చీపురు వాడక తప్పలేదు.

నవంబరులో వెస్ట్ లారెల్ గని జట్టుతో ఆఖరి ఆట పడింది. రాత్రంతా వాన కురిసి, మైదానం పిండి కలిపినట్టుంది. బురదలో బెనో అడుగులు కురచైపోయాయి. ఏడు లెక్కపెట్టేసరికి చేరాల్సిన చోటికి చేరనేలేదు. మొదటి బంతి అతని తల మీంచి పోయింది. రెండోదీ అంతే. మూడోది నేరుగా వెస్ట్ లారెల్‌వాడి చేతుల్లో పడింది, వాడు దాంతో మైదానం చివర మా గీత దాటేశాడు, అలా దాటితే ఆరు పాయింట్లు. సగం ఆటకి ఆరు పాయింట్లు వెనకబడ్డాం.

“ఎవడికిరా విసిరావు, వాడు నీకేమన్నా బావమరిదా?” అని ప్రోథరో అందరి ముందూ అరిచాడు. “ఇంకొక్కటి అలా పడిందా, గ్లిన్ దిగుతాడు. నువ్వు ఈ బల్ల మీదే చలి కాచుకో. ఈ ఒక్క రోజు కాదు, ఇక ఎప్పటికీ.”

గ్లిన్ అప్పుడే జోళ్ల తాళ్లు బిగించుకుంటున్నాడు. కడిగిన ముత్యంలా ఉన్నాడు, బురద చుక్కైనా అంటలేదు.

నేను కాఫీ కెటిల్‌తో వెళ్లాను. సిరిల్ కప్పు అందుకుంటూ గొంతు తగ్గించి అడిగాడు. “గజ్దినా, అక్కడ నేల ఏ రంగులో ఉంది?”

ఆ గడ్డ మీద గంటసేపు ఆడినవాడు నన్నడుగుతున్నాడు.

“మధ్యలో నల్లగా ఉంది, పందులు పొర్లినట్టు. ఆడవాళ్లం నిలబడ్డ అంచు తాడు పక్కన మాత్రం ఇంకా పచ్చగా ఉంది.”

“ఎంత వెడల్పు?”

“మన హాల్లో తివాచీ అంత.”

సిరిల్ బెనో భుజం మీద చెయ్యివేసి తాడు వెంట నడిచాడు. చూసేవాళ్లకి కాళ్ల పట్టు వదిలించుకుంటున్నట్టుంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. తిరిగొచ్చాక, “ముందు బురద దాటి తాడు వైపుకి రా. అక్కడ కాలు నిలుస్తుంది. ఏడు కాదు, తొమ్మిది,” అన్నాడు.

“రెండు లెక్కలు ఎక్కువ నిలబడితే నిన్ను చంపి పాతరేస్తార్రా,” అన్నాడు బెనో.

“పాతరేసేలోపు విసురుతాలే.”

తొమ్మిదిని ఆఖరి నిమిషం దాకా దాచుకున్నాడు. అప్పటిదాకా బంతిని చేతికి అందిస్తూ, ఒక్కో గజం పాకించాడు. చివరికి బంతి అందుకుని వెనక్కి జరిగి నిలబడ్డాడు. నేనూ లెక్కపెట్టాను. ఐదు దగ్గర వెస్ట్ లారెల్‌వాళ్లు ముగ్గురు మా వరస చీల్చుకుని వచ్చారు. ఏడు దగ్గర మా ఆడవాళ్లు “విసురు, విసురు!” అని గోల పెట్టారు. అతను కదల్లేదు. వాళ్లు మీదికొస్తున్నారని అతనికి తెలుసు, అంత దగ్గరివి అతనికి బాగానే కనపడతాయి. ఎనిమిది దగ్గర విసిరాడు. ఆ క్షణమే ముగ్గురూ మీద పడ్డారు. తొమ్మిది దగ్గర బెనో నా ముందే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, గిరుక్కున తిరిగాడు. బంతి అక్కడుంది.

బెనో గీత దాటాడు, ఆరుకి ఆరు సరిపోయాయి. ఆ పైన బంతిని గోలు మీంచి తన్నితే వచ్చే ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. సిరిల్‌కి రెండు పక్కటెముకలు విరిగాయి.

ఆ సాయంత్రం జట్టంతా నా ఇంట్లోనే. క్యాబేజీ, ఉడికించిన పిండి ముద్దలు కలిపిన హలుష్కీ గిన్నె మూడుసార్లు నింపాను. ప్రోథరో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ముగ్గురు నీ మొహానికి అడ్డం ఉంటే బెనోని ఎలా చూశావురా?”

“చూళ్లేదు సార్,” అన్నాడు సిరిల్.

అందరూ పగలబడి నవ్వారు. సిరిల్ ఆ నవ్వులో దాక్కోవచ్చు. నేను గరిటె పట్టుకుని అదే కోరుకున్నాను. అతను చెంచా కింద పెట్టాడు.

“వేళాకోళం కాదు సార్. నాకు దూరం కనపడదు. మీరు అక్కడ నిలబడ్డారని గొంతుని బట్టి తెలిసింది.”

నవ్వులు ఆగిపోయాయి. ప్రోథరో కుడి చెయ్యి పైకెత్తి, “ఎన్ని వేళ్లు?” అన్నాడు.

“మూడు సార్.”

“కనపడుతున్నాయిగా!”

“ఆ చేతికి మీకు మిగిలినవి మూడేగా సార్.”

ప్రోథరో ఆ చేతిని తనే కాసేపు చూసుకున్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని సిరిల్ పక్కన కూర్చుని, “ఇంట్లో మా ఆవిడకి ఏం చెప్పాలో నాకు తెలీదు. వచ్చే ఏడాది మాత్రం నువ్వు గంట ముందు రావాలి,” అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, తిండి పెట్టవా అన్నట్టు చూశాడు. పెట్టాను.

ఆ పై ఏడాది నుంచి ప్రతి ఆటకి ముందూ సిరిల్ మైదానం చుట్టూ ఒకసారి నడిచేవాడు. అతను జపం చేసుకుంటున్నాడని ఊళ్లో అనుకునేవారు. మా ఫాదర్ దాని మీద ప్రసంగం కూడా చేశాడు. పక్కన నడిచే వేల్స్ మనిషి మా మతం వాడు కాదని ఎవరికీ తట్టలేదు. ప్రోథరో చేతులు వెనక్కి కట్టుకుని, నేల వైపే చూస్తూ, ఇక్కడ నలుపు, ఇక్కడ పచ్చ, ఇక్కడ గుంట జాగ్రత్త అని గొణుగుతూ, ఆరేళ్లు అతనితో నడిచాడు.