మిల్లు ముందు మలుపు

రాజాంలో అసిరయ్యకి తాగుబోతని పేరు పడింది. కల్లు చుక్క ఎరగని మనిషికి ఆ పేరు! పెట్టినవాడు రైసుమిల్లు నరసింగరావు. వాడి నోట్లో పురుగులు పడ, అని అసిరయ్య రెండేళ్లపాటు రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటూ తిట్టుకునేవాడు.

సంగతిదీ. అరవై ఆరు వానాకాలంలో అసిరయ్య నరసింగరావు పికప్పు వ్యాను తోలేవాడు. స్టీరింగు అరిగిపోయింది, మరమ్మతు చేయించమని పదిసార్లు మొత్తుకున్నాడు. వింటేనా! పైగా ఇంకో నాలుగు బస్తాలు ఎక్కించాడు ఆ మహానుభావుడు. పొందూరు దారిలో ముందు చక్రం గోతిలో పడింది. స్టీరింగు గిర్రున ఎదురు తిరిగి అసిరయ్య కుడి మణికట్టు విరగ్గొట్టింది. వ్యాను బోల్తా పడింది. వేలాడే చేత్తో మిల్లుకొచ్చిన మనిషిని కూర్చోమనైనా అనకుండా, నరసింగరావు కలాసీలందరి ముందూ గుమస్తా లక్ష్ముణ్ని పిలిచాడు.

"ఈడి నోరు వాసన సూడరా."

లక్ష్ముడు వాసన చూశాడు. యజమాని మొహమూ చూశాడు. "వస్తన్నాది బాబూ" అన్నాడు.

"ఇన్నారా? బండి తప్పేటీ నేదు. తాగీసి తోలినాడు."

ఆ తర్వాత ఎవరూ అసిరయ్య చేతికి బండి ఇవ్వలేదు. మణికట్టు వంకరగా అతుక్కుంది, బలంగా దేన్నీ పట్టలేదు. దానికైనా ఓర్చుకున్నాడు గానీ, ఓ రోజు భార్య చిన్నతల్లి అన్నం వడ్డిస్తూ, "ఆ రోజొక్కటీ ఏటేనా తాగినావేటి మావా? నాకు సెప్పు" అంది. అసిరయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ పూటే ఒట్టు పెట్టుకున్నాడు, నరసింగరావుని ఊరందరి ముందూ నిలబెట్టకపోతే తను మనిషే కాదని.

బోల్తా పడ్డ వ్యాను మిల్లు వెనక తుప్పు పట్టి, దాని మీద ఆనప పాదు పాకింది. నరసింగరావు దాన్ని పాత ఇనుము కింద అమ్మి వదిలించుకుంటే, అసిరయ్యే కొని ఎడ్లను కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చాడు. బాగు చెయ్యడానికి ఏడాదిన్నర పట్టింది. ఇంజను విప్పి మళ్లీ బిగించాడు. విరిగిన చట్రం అతికించాడు. వెనక కొత్త చెక్కలు కొట్టాడు. అంతా ఎడం చేత్తోనే. మరి స్టీరింగో? వంకర చేత్తో అది తిరగదు కదా. విశాఖపట్నం పాత ఇనప కొట్లన్నీ గాలించి, యుద్ధకాలం నాటి మిలటరీ బండి నుంచి పవరు స్టీరింగు సామాను పట్టుకొచ్చాడు. ఇంజను బెల్టుతో నడిచే నూనె పంపు, రెండు గొట్టాలు, చక్రాలను నెట్టే సిలిండరు. తోలేవాడు వేలు ఆనిస్తే చాలు, మిగతా బలమంతా నూనెది.

బిగించిన రోజు పాత అలవాటు కొద్దీ తనే స్టీరింగుని బలంగా లాగాడు. బండి చటుక్కున తిరిగి పెరటి గోడ కూల్చింది. చిన్నతల్లి లబోదిబోమంది. అసిరయ్య మాత్రం ఆ కూలిన గోడకేసి చూసి నవ్వాడు. రెండేళ్లలో అదే మొదటి నవ్వు.

సంత రోజు చిన్నతల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, సరిగ్గా మిల్లు ముందున్న ఇరుకు మలుపు దగ్గరికి వెళ్లాడు. ఆ మలుపు పక్కనే ఉప్పుడు ధాన్యం నానబెట్టిన నీళ్లు వదిలే గుంట. ముక్కు మూసుకోకుండా ఎవరూ దాన్ని దాటలేరు. అసిరయ్య ఒక్క ఎడం చేత్తో బండిని నాలుగుసార్లు అటూ ఇటూ సునాయాసంగా తిప్పాడు. సంత సంతంతా మూగింది.

నరసింగరావు గుమ్మంలోంచి ఊడిపడ్డాడు. "ఒంటి సేతోడు తోలితే పెద్ద ఇసేసమేటి? నా బండి నాకు తెల్దా? దిగు!"

అసిరయ్య దిగాడు, చిన్నతల్లినీ దింపాడు. గుంట వైపున్న జనాన్ని జరగమన్నాడు. స్టీరింగు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పాలనీ అనిపించలేదు.

నరసింగరావు ఎక్కి బండి కదిలించాడు. మలుపు దగ్గరికి రాగానే పళ్లు బిగించి, పాత బండిని తిప్పినట్టే ఒళ్లంతా వేసి లాగాడు. వ్యాను గిరుక్కున తిరిగి గుంటలో దిగబడింది. మెడదాకా కంపు నీళ్లలో, తల మీద ఊకతో పైకి తేలాడు ఘనుడు.

"స్టీరింగు బాగునేదు! తప్పంతా బండిదే!" అని అరిచాడు.

ఈ మాట కోసమే కదా రెండేళ్లు కాచుకుంది! "బండి తప్పేటీ నేదు బాబూ. తాగీసి తోలినారు" అన్నాడు అసిరయ్య.

"ఒరే! నేను తాగనేదురా! ఒట్టు!"

"అయితే సూపిద్దాం. ఒరే లచ్చుడూ, ఇలాగ్రా. బాబు నోరు వాసన సూడు."

జనం గొల్లుమన్నారు. లక్ష్ముడు గట్టు మీంచి వంగి వాసన చూశాడు. యజమానిని చూశాడు, అసిరయ్య వంకర మణికట్టునీ చూశాడు.

"నేదు" అన్నాడు చివరికి. "బాబు నోట ఏ వాసనా నేదు. ఆ రోజు... అసిరయ్య నోట కూడా నేదు."

నవ్వులు ఆగిపోయాయి. నరసింగరావు తల మీంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, పైకి లాగడానికి ఒక్కరూ చెయ్యి అందివ్వలేదు.

చిన్నతల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుని, అందరి ముందూ మొగుడి వంకర చేయి పట్టుకుంది.

"పద మావా, ఇంటికెల్దాం. అన్నం పెడతాను."