నలభై మూడుకు దూడ

ముప్పై ఒక్క ఏళ్లు అరబ్బు దేశంలో, ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుట్టాను. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అని ఒక్కామె మాత్రమే జాకెట్ వెనక్కి తెచ్చింది. కొలిచి చూస్తే ఆమె భుజమే అరంగుళం వంకర. ఆ కొలత తేదీతో సహా పుస్తకంలో రాసిపెట్టాను, మళ్లీ వస్తే చూపిద్దామని. ఆమె మళ్లీ రాలేదు.

నేను రాసే ఈ కొలతల పుస్తకాలు చూసి, నా పాత కస్టమరు ఒకామె, బడిలో సైన్సు చెప్పే టీచరమ్మ, నన్ను ఖడ్గమృగాల లెక్కలో పెట్టింది. ఆఫ్రికాలో ఒక అభయారణ్యం. ఎక్కడుందో మాకు చెప్పరు. బయటికి తెలిస్తే కొమ్ముల కోసం వేటగాళ్లు వస్తారు. నీటిగుంట దగ్గర పెట్టిన కెమెరా తీసిన ఫొటోలు ప్రతి గురువారం నాకు వస్తాయి. ఏ జంతువు ఏ రోజు, ఏ గంటకు వచ్చి నీళ్లు తాగిందో చూసి రాయాలి.

గుర్తుపట్టేది చెవులను బట్టి. అక్కడివాళ్లు మత్తుమందు ఇచ్చి చెవి అంచున గాట్లు పెడతారు. ఎడమ చెవి గాట్లు పదులు, కుడి చెవి గాట్లు ఒకట్లు. ఎడమకు మూడు, కుడికి నాలుగు ఉంటే ముప్పై నాలుగు. వేటగాళ్లకు పనికిరాకుండా కొమ్ములు ముందే కోసేశారు కాబట్టి, ముఖం చూసి ఆడా మగా నేను చెప్పలేను. నా గుంటకు వచ్చేవి నాలుగు: పదకొండు, ఇరవై రెండు, ముప్పై నాలుగు, నలభై మూడు. వాళ్లిచ్చిన జాబితా ప్రకారం నలభై మూడు మగది. ముప్పై నాలుగు ఆడది, చూలుతో ఉంది. పదహారు నెలలు మోస్తుందట. అన్ని నెలలు మోసేదాన్ని నేను కొంచెం ఎక్కువ శ్రద్ధగా చూసేదాన్ని.

ఎండాకాలం మొదలయ్యాక ముప్పై నాలుగు కనబడటం మానేసింది. ఏడు వారాలు చూశాను. తరువాత అభయారణ్యం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా కనబడకపోతే దాన్ని బతికున్నవాటి లెక్కలోంచి తీసేస్తారట. కాపలావాళ్లు కాలినడకన వెతుకుతున్నారట. ఉత్తరం అడుగున ఇంకో ముక్క: నేను వచ్చిందని రాస్తున్న నలభై మూడును ఎండాకాలం రాకముందే లారీ ఎక్కించి వేరే అడవికి పంపేశారట, అక్కడ కొత్త మంద పెరగాలని. దయచేసి సరిచూడండి, అన్నారు.

సరిచూడమని, నన్ను!

ఇంగ్లిష్ ఉత్తరాలు టైపు చేసేది మా ఆయన. మీనా సల్మాన్ ఓడరేవులో గోడౌన్ స్టోర్‌కీపరుగా పనిచేసి రిటైరైన మనిషి.

"రాయి," అన్నాను. "నలభై మూడు మంగళవారం సాయంత్రం ఐదూ ఇరవైకి నీళ్లు తాగింది. మీ లారీనే సరిచూసుకోండి."

"లారీ ఎక్కిన సామాను వాపస్ నడిచొస్తదానే?"

"సామానుకు కాళ్లు లేవు. దీనికి నాలుగున్నయి."

"ముప్పై ఏండ్లు లోడింగ్ జూసిన. ఇటు ఎక్కిచ్చినోడు దస్తకతు వెట్టిండు, అటు దించుకున్నోడు వెట్టిండు, ఖలాస్."

"జిదాఫ్స్‌ల దించాల్సిన ఫ్రిజ్జు మనింటి ముంగట దించలే? గదానికి దస్తకతు లేదా?"

ఆయన టైపు చేశాడు. చూస్తే మొదట 'గౌరవనీయులైన' అని, చివర 'క్షమించాలి' అని తనంతట తానే కలిపాడు. రెండూ తీయించాను.

నా ధైర్యం ఊరికే కాదు, పుస్తకంలో సాక్ష్యం ఉంది. తెర మీద చూస్తే కళ్లు మంటపుడుతున్నాయని, ఎండాకాలం నుంచి ప్రతి ఫొటో ప్రింటు తీయించి, దాని మీద బటర్ పేపరు పరిచి, రెండు చెవులనూ గాట్లతో సహా పెన్సిలుతో దింపుకుంటున్నాను. ఆ కాగితం కత్తిరించి పుస్తకంలో అంటిస్తాను. జాకెట్టుకు పేపరు కటింగు తీసినట్టే.

నెలాఖరుకు ముందు గురువారం కొత్త ఫొటోలు వచ్చాయి. మొదటిదాని చెవులు దింపాను, అంటించాను, లెక్కపెట్టాను. నలభై మూడు. రాసుకున్నాకే ఫొటో మొత్తం చూశాను. పొట్ట కింద దూడ దూరి పాలు తాగుతోంది.

మా ఆయన భుజం మీదుగా తొంగిచూశాడు.

"నీ నలభై మూడు మొగోడంటివి?"

"ఆ దూడ ఎవలదో. దారి దప్పి వచ్చింది."

"దారి దప్పొస్తే పాలిస్తున్నడా? మస్తు మంచోడే!"

పుస్తకంలో ఒక గాటు పక్కన పెన్సిలు గీత పక్కకు జారినట్టు కనిపించింది. రబ్బరు తీసుకుని చెరిపాను. చెరగలేదు. గట్టిగా రుద్దాను. కాగితం చిట్లింది కాని గీత అలాగే ఉంది.

గోటితో కాగితం లేపి చూశాను. పెన్సిలు అడుగువైపు ఉంది.

కుట్టుపని తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బట్ట మీద సుద్దతో గీసే గుర్తులు ఎప్పుడూ లోపలివైపే ఉండాలి, పైకి కనబడకూడదు. ముప్పై ఒక్క ఏళ్లు అలా చేసిన చేతులు, బటర్ పేపరును కూడా గీత లోపలికి పోయేలా తిరగేసి అంటించాయి. పలచటి కాగితం కనుక గీత పైకి కనబడింది, కాకపోతే ఎడమ చెవి కుడివైపు, కుడి చెవి ఎడమవైపు. పదకొండు తిరగేసినా పదకొండే, ఇరవై రెండూ అంతే. ముప్పై నాలుగు ఒక్కటే నలభై మూడయింది.

వెనక్కి తిప్పి లెక్కపెట్టాను. పందొమ్మిది సార్లు. పందొమ్మిది సార్లు అది వచ్చి, నా కళ్ల ముందే నీళ్లు తాగి వెళ్లింది. నేను దాన్ని మగదని రాసి, కనబడటం లేదని దిగులుపడ్డాను. ఆ కాపలావాళ్లు ఎండలో దాని శవం కోసం నడిచారు.

"ఏమయ్యా, టైపు చెయ్యి," అన్నాను. "ముప్పై నాలుగు బతికే ఉంది. దూడను ఈనింది. వెతకడం ఆపి మనుషులను నీడకు పిలవండి. తప్పు నాది."

ఆయన టైపు చేసి, చేతులు మీటల మీద నుంచి తీయకుండా నావైపు చూశాడు.

"ఇంకేంది?"

"లారీ ముచ్చట?"

"లారీ లెక్క సరైనదే అని రాయి."

ఆ వాక్యాన్ని ఆయన అన్నిటికంటే పైన పెట్టాడు. 'గౌరవనీయులైన', 'క్షమించాలి' కూడా మళ్లీ చేర్చాడు. ఈసారి రెండూ ఉండనిచ్చాను.

కాపలావాళ్లు వెనక్కి వచ్చారని, లెక్క ఒకటి తగ్గాల్సింది ఒకటి పెరిగిందని ఆఫీసు జవాబు రాసింది. పందొమ్మిది చోట్లా ఎర్ర సిరాతో దిద్ది, ఒక్కోదాని పక్కన తేదీ వేశాను.

ఇప్పుడు ప్రతి గురువారం నేను అంటించిన ప్రతి కాగితం మూలన గీత కొసను మా ఆయన రబ్బరు పెట్టి కొంచెం రుద్దుతాడు. గీత చెరిగి, పెన్సిలు పైవైపే ఉందని తేలితేనే పేజీ కింద దస్తకతు పెడతాడు. దూడ చెవుల మీద మాత్రం రుద్దడు. ఇంకా గాట్లు పెట్టని చెవులు, ఎటు తిప్పి అంటించినా ఒకటేనంటాడు.