మా వీధిలోంచి భీమిలికి నడక

మా స్కూలు స్టాఫ్ రూములో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మిగతావాళ్ళు ముందు నా మొహం చూసేవారు. నేను లెక్కల టీచర్ని. నా దగ్గర మూడు ప్రశ్నలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. టైమెంతయింది? వెలుతురుందా? నువ్వు కాక ఇంకెవరు చూశారు? ఈ మూడింటినీ దాటి నిలబడ్డ దెయ్యం నాకు తగల్లేదు. ఒకావిడ మేడ మీద తెల్లబట్టల్లో మనిషిని చూశానంటే, పనిగట్టుకుని వాళ్ళింటికెళ్ళి, పైన ఆరేసిన పంచె చూపించి వచ్చాను. ఆవిడ నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు.

కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయేది విని నవ్వే హక్కు చాలామందికి ఉంది. నవ్వండి. ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు. నాకు అర్థంకానిది మాత్రం ఒకటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. జంషెడ్‌పూర్‌లో టెల్కో కాలనీలో మా క్వార్టరు. మా ఆయన ప్లాంటులో ఇంజనీరు. మాతోపాటు మా మావగారు ఉండేవారు. నేను మావయ్యా అనే పిలిచేదాన్ని. ఆయనది భీమిలి. ఇరవయ్యేళ్ళ వయసులో పని వెతుక్కుంటూ టాటానగర్ స్టేషన్లో దిగి, ముప్పయ్యేళ్ళు క్రేన్ నడిపి రిటైరయ్యారు. భీమిలిలో మాకు ఇల్లూ లేదు, చెప్పుకోదగ్గ చుట్టాలూ లేరు. ఆయన అటు వెళ్ళి పాతికేళ్ళు దాటింది. నేనైతే ఇక్కడే పుట్టి పెరిగాను. అప్పటికి సముద్రం చూసింది ఒక్కసారి, కాలేజీ టూరులో, పూరీలో. భీమిలి మొహం కూడా ఎరగను.

ఆ ఏడాది వానాకాలం మొదట్లో మావయ్య బాత్రూములో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. డాక్టరు స్పష్టంగా చెప్పాడు: రోజూ నడవాలి, కొద్దికొద్దిగా పెంచాలి, ఎత్తు తక్కువ చోట కూర్చోకూడదు. ఈ మూణ్ణాలుగు నెలల్లో కాలు దారికి రాకపోతే ఇక మంచమే.

మావయ్య వినలేదు. గోడవైపు తిరిగి పడుకున్నారు. అత్తయ్య పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయనకు లేవాలన్న కోరికే పోయింది.

"ముప్పయ్యేళ్ళు ఇనుమును నేను మోసినాను. ఇప్పుడు ఇనుము నన్ను మొయ్యాలేటి? నా వల్ల కాదమ్మా, ఒదిలీండి" అన్నారు.

నాకు భయమేసింది, కోపమూ వచ్చింది. పెళ్ళయ్యాక నేను బీఎడ్ పరీక్షలకి చదువుకుంటుంటే, నైట్ షిఫ్టు చేసి వచ్చి వంకాయ కూర వండి, కంచంలో పెట్టి నా పుస్తకం పక్కన ఉంచిన మనిషి ఆయన. అలాంటాయన్ని మంచానికి వదిలేయడం నాకు చేతకాదు.

ముందు వాకరు సంగతి చెప్పాలి, ఎందుకంటే అది సాక్ష్యం. మావయ్య ఆరడుగుల మనిషి. మందుల దుకాణంలో దొరికేవి ఆయన నడుం దాకా కూడా రాలేదు. మా ఆయన సాక్చి బజార్లో పైపులు కొని, తెలిసిన వెల్డింగు షాపులో కూర్చుని ఆయన కొలతకి చేయించారు. మా గేటుకి వేయగా మిగిలిన పసుపు రంగు డబ్బా ఉంటే అది పూశారు. నా పాత లేడీస్ సైకిల్ బెల్లు తీసి దానికి బిగించింది నేను. మావయ్య నవ్వుతారేమోనని. అలాంటి వస్తువు దేశంలో ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

మావయ్య నవ్వలేదు. బెల్లు ఒకసారి కొట్టి మళ్ళీ గోడవైపు తిరిగారు.

ఒకరోజు సాయంత్రం ఊరికే అడిగాను, చిన్నప్పుడు సాయంత్రాలు ఏం చేసేవారు మావయ్యా అని. గోడవైపు నుంచే చెప్పారు. వాళ్ళ నాన్నతో రోజూ నడకట. గడియార స్తంభం దగ్గర మొదలు. అక్కణ్ణుంచి డచ్చివాళ్ళ సమాధులు. తరవాత ఒడ్డు వెంట లైట్‌హౌసు. ఆఖర్న గోస్తని నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ కాళ్ళు కడుక్కుని వెనక్కి తిరగడం.

"అయితే నాకు చూపించండి. మన గేటే గడియార స్తంభం అనుకుందాం" అన్నాను.

ఆయన ఇటు తిరిగారు. ఆ రోజు గేటు దాకా వచ్చారు. పదకొండు అడుగులు.

అలా మా వీధి భీమిలి అయిపోయింది. మూలనున్న ట్రాన్స్‌ఫార్మరు, దాని చుట్టూ కంచె, డచ్చి సమాధులు. దాని తరవాతి దీపస్తంభం లైట్‌హౌసు. వీధి చివర కల్వర్టు గోస్తని. కుడివైపు క్వార్టర్లన్నీ సముద్రం. సాయంత్రం ఐదు దాటాక బయల్దేరేవాళ్ళం. ప్లాంటు సైరన్ మోగి షిఫ్టు బస్సులు వెళ్తుంటే, ఓడలు పోతన్నాయి చూడమ్మా అనేవారు. ఎదురింటి బిహారీ ఆవిడ "బాబా, ఆజ్ కహా తక్?" అని, ఇవాళ ఎందాకా అని అడిగితే, బెల్లు కొట్టి "సమందర్ తక్", సముద్రం దాకా అని మావయ్య జవాబు. వారం తిరిగేసరికి మనిషి మొహంలో రంగు వచ్చింది.

ఇక్కడ నా దొంగతనం ఒప్పుకోవాలి. లైట్‌హౌసు చేరాక ఆయన ఆగిపోయేవారు. అందుకని నాలుగు రోజులకోసారి లైట్‌హౌసును తరవాతి స్తంభానికి జరిపేదాన్ని. "అదిగో, వచ్చేశాం" అంటూ పాతదాన్ని దాటించేసేదాన్ని. క్రేన్ మీద కూర్చుని అంగుళం తేడా లేకుండా ఇనుము దింపిన మనిషికి ఆ మాత్రం తెలియదా? ఒకరోజు ఆగి నా వైపు చూసి, "ఏటమ్మా, మా ఊరి లైట్‌హౌసు నడిసెళ్ళిపోతందేటి?" అన్నారు.

"మీరు నడవకపోతే అదైనా నడవాలి కదా మావయ్యా" అన్నాను.

ఇంకొకటి. రెండో స్తంభం పక్కన పొట్టి సిమెంటు గట్టు ఉండేది. అక్కడికి రాగానే రోజూ కూర్చుంటాననేవారు. "పొత్తులు కాలుత్తన్నారమ్మా, వాసనొత్తంది. ఒక్క నిమిషం కూకుంతాను" అనేవారు. నాకు బొగ్గుల కుంపట్ల పొగ తప్ప ఏ వాసనా తగల్లేదు. డాక్టరు వద్దన్నాడు కాబట్టి కూర్చోనిచ్చేదాన్ని కాదు. "అదిగో, వచ్చేశాం" అని లాక్కుపోయేదాన్ని. ఒకటి రెండుసార్లు ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చూడనట్టు నటించాను. రాత్రి పడుకున్నాక అది గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదు.

ఇంటికొచ్చాక గుమ్మంలో చెప్పులు దులిపేవారు. ఇసుక రాలేది. మా వీధిలో రిపేర్లకి పోసిన ఇసుక కుప్ప ఉంది కాబట్టి దాన్ని నేను సాక్ష్యం కింద పెట్టను.

కల్వర్టు చేరిన రోజు నిజం భీమిలికి తీసుకెళ్తానని మాటిచ్చాను. చలికాలం వచ్చేసరికి చేరారు. కల్వర్టు మీద నిలబడి బెల్లు ఆగకుండా కొట్టారు. వీధి వీధంతా బయటికొచ్చింది. నేను మా ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను.

స్కూలుకి సెలవులివ్వగానే టికెట్లు తీశాం. బయల్దేరే ముందురోజు సామాన్లు సర్దుకోవడంతో నడకకి వెళ్ళలేదు. మర్నాడంతా రైల్లో. వాకరు రైల్లో అడ్డమని ఇంట్లో వదిలేసి, మా ఆయన ఒక చేతికర్ర కొన్నారు. మూడోరోజు విజయనగరంలో దిగి, బస్సులో భీమిలి చేరి, లాడ్జిలో సామాను పడేసి, స్నానాలు చేసి, సాయంత్రం ఐదింటికి ముగ్గురం నడకకి బయల్దేరాం.

నిజం చెప్పాలంటే నాకు కొంచెం నిరాశే. గడియార స్తంభం నేననుకున్నంత పెద్దది కాదు. సమాధులు మాత్రం బాగున్నాయి, కోసుగా పైకి లేచి, నాచుపట్టి. మా ట్రాన్స్‌ఫార్మరుకీ వాటికీ ఏ పోలికా లేదు. ఇదంతా ముందే చూసినట్టు అనిపించడంలాంటిది నాకేమీ జరగలేదు. మావయ్య మాత్రం ఏమీ కొత్త లేనట్టు కర్ర ఊపుకుంటూ ముందు నడుస్తున్నారు. మా ఆయన ఫొటోలు తీస్తూ వెనకబడ్డారు.

లైట్‌హౌసు కొంచెం దూరంలో ఉండగా ఒడ్డున ఒకావిడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూసి విసనకర్ర ఆపింది.

"ఏటి తాతా, మొన్నా నిన్నా రాలేదేటి? ఒంట్లో బాగోలేదా?"

ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. వెనక మా ఆయన తప్ప ఎవరూ లేరు, ఆయనా చాలా దూరంలో ఉన్నారు.

"ఊరెళ్ళే హడావిడి" అన్నారు మావయ్య.

"గంట బండేదీ? దూరాన్నుంచి అది టింగుమంటే తాతొత్తన్నాడని పొత్తు నిప్పుల మీదెట్టేదాన్ని."

"ఇంటికాడ ఇడిసీసినాం. ఇప్పుడు కర్రొచ్చింది."

"మంచిదే. పిడికి ఈ గుడ్డ సుట్టుకో తాతా" అంది, కర్ర పిడి చేతిలో జారుతోందని. ఒక గుడ్డముక్క చించి ఇచ్చింది. ఆ బండి ఏ రంగని అడిగాను.

"పసుపు. నీకు మతిమరుపేటమ్మా, నువ్వే కదా పక్కన పట్టుకుని నడిపిత్తావు?" అని, అప్పుడు నన్ను తగులుకుంది. "అయినా నువ్వేటమ్మా! ముసిలాయన ఒక్క నిమిషం కూకుంతానంటే కూకోనివ్వవు. అదిగో వచ్చీసినాం, అదిగో వచ్చీసినాం అంతావు. లైట్‌హౌసు ఎనకాల ఉండిపోనాక కూడా అదే మాట. నాను రోజూ వింతన్నాను కదా. ఆయన కళ్ళంట నీళ్ళెట్టుకున్నా నీకు అగుపడదా?"

పదిహేనేళ్ళుగా పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలడిగినదాన్ని, ఆవిడ ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఆ మాట మా వీధిలో నాకూ మావయ్యకూ మధ్య జరిగింది. ఆ కన్నీళ్ళ సంగతి నేను మా ఆయనతో కూడా చెప్పలేదు.

ఆవిడ తను కూర్చున్న ఎత్తు పీట ఖాళీ చేసి మావయ్యకి వేసింది. ఆయన కూర్చుని, పొత్తు అందుకుని, గింజలు ఒలుచుకుని తింటూ నా వైపు చూశారు.

"ఏటమ్మా అలా చూత్తావు? రోజూ నన్నిక్కడికి తెచ్చింది నువ్వే కదా" అన్నారు.

మర్నాడు మా ఆయనా నేనూ వెళ్ళి మళ్ళీ అడిగాం. ఆవిడ అక్కడే ఉంది. అదే చెప్పింది, ఒక్క ముక్క మారలేదు. బేరాలు పోతున్నాయని విసుక్కుంది కూడా. పక్కన సోడాబండి అతన్ని అడిగితే, గంట బండీ లేదు తాతా లేడు, నేనెప్పుడూ చూడలేదన్నాడు. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మా ఆయన లెక్క, ఆ ఊళ్ళో ఇంకో పొడుగు ముసలాయన, ఇంకో పసుపు వాకరు, దానికో సైకిల్ బెల్లు, పక్కన ఇంకో గయ్యాళి కోడలు ఉండి ఉండాలని. ఉండి, సరిగ్గా మేం నడక మానిన రెండు రోజులూ వాళ్ళూ మానేసి ఉండాలి. మావయ్యే ముందుగా ఆవిడకి చెప్పి ఉంచారేమో అని నేను ఆలోచించాను. కానీ ఊరు చేరినప్పట్నుంచీ ఆయన మా ఇద్దరి కళ్ళముందు నుంచి కదల్లేదు. ఆయన్ని ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేవారు.

నా మూడు ప్రశ్నలూ నాకే వేసుకున్నాను. టైము సాయంత్రం ఐదున్నర. వెలుతురు బోలెడంత. ఇంకెవరు చూశారంటే, చూసింది ఆవిడ, చూడబడింది నేను. దీనికి నా దగ్గర నాలుగో ప్రశ్న లేదు. ఇన్నేళ్ళయినా లేదు.

జంషెడ్‌పూర్ తిరిగొచ్చిన మర్నాడే వడ్రంగితో ఒక ఎత్తు పీట చేయించి, రెండో స్తంభం దగ్గర వేయించాను. ఆ తరవాత మావయ్య ఆరేళ్ళు నడిచారు. అక్కడికి రాగానే ఎంతసేపు కూర్చుంటానంటే అంతసేపు కూర్చోనిచ్చాను. లైట్‌హౌసును మాత్రం మళ్ళీ ఒక్క అడుగు కూడా జరపలేదు. అవతల ఒకావిడ చూస్తోందని తెలిశాక ధైర్యం చాల్లేదు.